విన్నదెవరు? తీర్పు చెప్పినదెవరు?

పెద్ద పదవులు చేసి గతించిన మనిషి పేరెత్తగానే మన సభల్లో రెండే గొంతులు వినిపిస్తాయి. ఒకటి దండ వేసే గొంతు. రెండవది దుమ్మెత్తిపోసే గొంతు. దండ వేసేవారికి ఆ మనిషి చేసిన పనులు అక్కరలేదు, పదవుల జాబితా ఉంటే చాలు. దుమ్మెత్తిపోసేవారికీ పనులు అక్కరలేదు, ఆయన కులమో, ముఠాయో, జిల్లాయో తెలిస్తే చాలు. ఫలానా రోజున ఆయన చేసిన నిర్ణయమేమిటి, దానివల్ల ఎవరికి ఏమి ఒరిగింది, ఎవరికి ఏమి నష్టమైంది అన్న అసలు ప్రశ్న ఈ రెండు గొంతుల నడుమ అణగిపోతుంది. నీలం సంజీవరెడ్డిగారి విషయంలో మన తెలుగునాట జరుగుతూ వస్తున్నది ఇదే.

పదవుల జాబితా పెద్దదే. 1913లో అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టారు. ఆంధ్రరాష్ట్రంలో ఉపముఖ్యమంత్రి. 1956 నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి. కాంగ్రెసు అధ్యక్షుడు. తిరిగి 1962లో ముఖ్యమంత్రి. 1967లో లోక్‌సభ స్పీకరు. 1969లో రాష్ట్రపతి పదవికి పోటీచేసి ఓడారు. 1977లో అదే పదవికి పోటీలేకుండా ఎన్నికయ్యారు. 1982లో పదవీకాలం ముగించుకుని, 1996లో కన్నుమూశారు. ఈ జాబితాను జయంతి సభల్లో అందరూ చదువుతారు. జాబితాలో లేనివి కొన్ని ఉన్నాయి. తగాదా అంతా వాటి మీదనే.

పల్నాటివాళ్లకు మంత్రుల మంచిచెడ్డలు విచారించడం కొత్త కాదు. ఎనిమిది వందల ఏళ్లుగా మేము ఆ పనిలోనే ఉన్నాము. గురజాలలో నలగామరాజు పక్కన నాగమ్మ, మాచర్లలో మలిదేవుని పక్కన బ్రహ్మనాయుడు. కారెంపూడిలో ఏటా కార్తీకమాసంలో వీరుల ఉత్సవాలు జరిగినప్పుడు ఆ తగాదా మళ్లీ లేస్తుంది. చాపకూడు పెట్టి కులాల గోడ కూలదోయబూనిన బ్రహ్మనాయుడు దేవుడని ఒక పక్షం. నాయకురాలు నాగమ్మ మాయలమారి అని అదే పక్షం. ఆడది మంత్రిత్వం చేయడం ఓర్వలేని లోకం ఆమెను రాక్షసిని చేసిందని ఇటీవలి కాలపు వాదం. నా మటుకు నాకు ఇందులో తేలిన సంగతి ఒకటే. కథ చెప్పినవారు మాచర్ల పక్షం వారు. గెలుపోటములతో నిమిత్తం లేకుండా, కథ ఎవరి నోట పడితే తీర్పు వారిదే అవుతుంది. గురజాల పక్షపు వాంగ్మూలం మనకు దక్కలేదు. ఒక పక్షాన్ని మాత్రమే విని చెప్పిన తీర్పు ఎంత రసవత్తరంగా ఉన్నా అది తీర్పు కాదు, పాట మాత్రమే.

సంజీవరెడ్డిగారి విషయంలో మన వాదప్రతివాదాలు చాలావరకు ఇటువంటి పాటలే. అందులో మొదటిది నీళ్ల పాట.

నాగార్జునసాగర్ డ్యాము మా మాచర్ల పక్కనే ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నందికొండ వద్ద శంకుస్థాపన చేశారు. పని నడిచిన కాలంలో పెద్దభాగం సంజీవరెడ్డిగారి రెండు ప్రభుత్వాల హయాంలోనిది. కాలువలకు నీరు వదిలింది మాత్రం 1967 ఆగస్టులో, ఇందిరాగాంధీ చేతుల మీదుగా. అప్పుడు ముఖ్యమంత్రి నరసరావుపేట ప్రాంతం వాడైన కాసు బ్రహ్మానందరెడ్డిగారు. కుడికాలువకు జవహర్ పేరు, ఎడమకాలువకు లాల్‌బహదూర్ పేరు పెట్టారు. ఎగువన శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రిగా ఉండగా నెహ్రూగారే శంకుస్థాపన చేశారు. ఆ జలాశయానికి తర్వాత నీలం సంజీవరెడ్డి సాగరమని పేరు వచ్చింది. నరసరావుపేట దగ్గర ఒక ముసలి రైతుతో ఈ సంగతులన్నీ ప్రస్తావిస్తే ఆయన తాపీగా విని, "ఏ రెడ్డి చేశాడు, ఏ నెహ్రూ చేశాడు అని మేమేం రాసుకోలేదు మేష్టారూ, మాకు కాలవొచ్చిన ఏడాదే లెక్క" అన్నాడు.

ఆ మాటలో నిజం ఉంది, కాని సగమే. కాలువ వచ్చిన ఏడు గుర్తుపెట్టుకునే జ్ఞాపకం, కాలువ రాని ఊరిని గుర్తుపెట్టుకోదు. కుడికాలువ కింద వరి పండిన పల్లె సాగర్‌ను తలుస్తుంది. డ్యాముకు కూతవేటు దూరంలో ఉండి కూడా మెట్టగానే మిగిలిపోయిన వెల్దుర్తి, బొల్లాపల్లి పల్లెలకు ఆ లెక్క పనికిరాదు. వరికపూడిశెల ఎత్తిపోతల కోసం వారు ఎదురుచూడగా చూడగా 2023 నవంబరులో మాచర్లలో దానికి శంకుస్థాపన జరిగింది. సాగర్ శంకుస్థాపనకు, ఆ శంకుస్థాపనకు మధ్య అరవై ఎనిమిదేళ్లు! నందికొండ ప్రాజెక్టు కోసం ఊరూరా తిరిగి, సొంతసొమ్ము ఖర్చుపెట్టిన ముక్త్యాల రాజా పేరు ఏ కాలువకూ లేదు. రాళ్లు మోసిన పాలమూరు కూలీల పేర్లు ఎక్కడా లేవు. శ్రీశైలం నీటికింద ఇళ్లు, పొలాలు పోగొట్టుకున్న సుమారు లక్షమందికి జలాశయం మీద ఎవరి పేరు ఉంటేనేమి? కనుక ప్రాజెక్టును ఒక నాయకుని దానంగా చూపి దండ వేయడమూ తప్పే, దాన్ని ఆయన ఖాతాలోంచి పూర్తిగా కొట్టివేయడమూ తప్పే. అది ప్రజల సొమ్ము, ప్రజల శ్రమ. అందులో ఆయన వంతు పాలకుని వంతు. అంతకు ఎక్కువ కాదు, తక్కువ కాదు.

రెండవ పాట 1979 నాటిది. అసలు వివాదం ఇక్కడ ఉంది. దీనిని గురించి నా అంతట నేను రాయబూనేవాడిని కాదేమో. మా డిగ్రీ విద్యార్థులకు ఒక చర్చావేదిక పెట్టి, "రాష్ట్రపతిగా సంజీవరెడ్డి రాజ్యాంగాన్ని కాపాడారు" అన్న అంశం ఇచ్చారు. అనుకూలంగా నలుగురు, ప్రతికూలంగా నలుగురు చక్కగా మాట్లాడారు. అందరూ మొరార్జీ దేశాయి, చరణ్‌సింగ్, ఇందిరాగాంధీల పేర్లు చెప్పారు. చివర ప్రశ్నలు అడగమంటే, మాచర్ల వైపు దళితవాడ నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక అమ్మాయి లేచి, "పిలిచిన ఆయన గురించే అందరూ చెప్పారు సార్. పిలవని ఆయన ఎవరు?" అని అడిగింది. వేదిక మీద ఉన్న ఎనిమిదిమందిలో ఒక్కరు కూడా జగ్జీవన్‌రామ్ పేరు ఎత్తలేదన్న సంగతి అప్పుడు గాని సభకు తట్టలేదు.

జరిగిన సంగతి క్లుప్తంగా చెబుతాను. 1979 జులై 15న మొరార్జీ దేశాయి రాజీనామా చేశారు. జులై 28న చరణ్‌సింగ్ ప్రధానిగా ప్రమాణం చేశారు. నెలలోపల లోక్‌సభలో బలం నిరూపించుకోవాలని రాష్ట్రపతి షరతు. ఇందిరా కాంగ్రెసు మద్దతు లేదనడంతో, ఆగస్టు 20న సభను ఎదుర్కోకుండానే చరణ్‌సింగ్ రాజీనామా ఇచ్చి, లోక్‌సభను రద్దు చేయమని సలహా ఇచ్చారు. ఈలోగా జనతాపార్టీ నాయకత్వం జగ్జీవన్‌రామ్ చేతికి వచ్చింది. ఆయన తనకు బలం ఉందని, అవకాశమివ్వమని రాష్ట్రపతిని కోరారు. ఆగస్టు 22న రాష్ట్రపతి లోక్‌సభను రద్దు చేశారు. చరణ్‌సింగే ఆపద్ధర్మ ప్రధానిగా 1980 జనవరి ఎన్నికలదాకా కొనసాగారు.

సంజీవరెడ్డిగారి పక్షాన చెప్పదగిన మాటలు లేకపోలేదు. ఆ నెలరోజులలో పార్లమెంటు సభ్యులు ఒక శిబిరం నుంచి మరొక శిబిరానికి దూకుతున్నారు. ఎవరి జాబితాలో ఎవరి సంతకం ఉన్నదో, అది రేపటిదాకా నిలుస్తుందో లేదో చెప్పగలిగినవారు లేరు. ఇంకొక ప్రభుత్వాన్ని నిలబెట్టడమంటే ఫిరాయింపుల సంతకు ఇంకొక వారం గడువిచ్చినట్లేనని, ప్రజల వద్దకు పోవడమే మేలని ఆయన అనుకుని ఉండవచ్చు. ప్రజల తీర్పు కోరడం అప్రజాస్వామికమని ఎవరూ అనలేరు. ఈ వాదాన్ని తేలికగా కొట్టివేయడం సబబు కాదు.

కాని దీని ఎదుట ఒక ప్రశ్న నిలబడుతుంది. సభలో బలం నిరూపించుకునే అవకాశం చరణ్‌సింగ్‌కు ఇచ్చారు. జగ్జీవన్‌రామ్‌కు ఇవ్వలేదు. ఇద్దరి బలమూ అనుమానాస్పదమే. అయితే ఒకరి అనుమానాన్ని సభకు వదిలిపెట్టి, రెండవవారి అనుమానాన్ని రాష్ట్రపతి తన గదిలో తానే తీర్చుకోవడానికి కారణమేమిటి? సలహా ఇచ్చిన ప్రధాని ఒక్కరోజు కూడా సభ విశ్వాసం పొందినవాడు కాడు. పైగా 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ ప్రకారం మంత్రివర్గం సలహాను పునరాలోచన కోసం ఒకసారి తిప్పిపంపే హక్కు రాష్ట్రపతికి ఉంది. రాష్ట్రాల విషయంలో 1994లో సుప్రీంకోర్టు బొమ్మై కేసులో ఒక సూత్రం చెప్పింది. ప్రభుత్వానికి మెజారిటీ ఉన్నదా లేదా అన్నది తేల్చవలసిన చోటు శాసనసభే గాని గవర్నరు గది కాదని దాని తాత్పర్యం. 1979లో ఆ తీర్పు లేదు, నిజమే. కాని దాని వెనుకనున్న ఇంగితం అప్పుడూ ఉంది. చరణ్‌సింగ్‌కు పెట్టిన షరతే అందుకు సాక్ష్యం.

ఈ ఇంగితం సంజీవరెడ్డిగారికి కోర్టులు చెప్పిన పాఠం కూడా. దీన్ని మన విమర్శకులు అంతగా గమనించలేదు. 1958లో కృష్ణాజిల్లా బస్సురూట్ల జాతీయీకరణ వివాదం సుప్రీంకోర్టుకు పోయింది. బస్సు యజమానుల అభ్యంతరాలను విన్నది ప్రభుత్వ కార్యదర్శి. ఉత్తర్వు ఇచ్చింది ముఖ్యమంత్రి. ఒకరు విని మరొకరు తీర్పు చెబితే విచారణ ఒట్టి తంతు అవుతుందని కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఆ తర్వాత ముఖ్యమంత్రి తానే స్వయంగా అభ్యంతరాలు విని ఉత్తర్వు ఇచ్చారు. బస్సులు ప్రజలపరం కావాలని కోరే నావంటివాడు సైతం ఆ తీర్పును ఒప్పుకోక తప్పదు. మంచి పని చేసేవాడికి కూడా ఎదుటివాని మాట వినే బాధ్యత తప్పదు కదా.

తర్వాత 1964లో కర్నూలు జిల్లా రూట్ల కేసు వచ్చింది. ముఖ్యమంత్రి రాజకీయ ప్రత్యర్థుల బస్సులను దెబ్బతీయడానికే ఆ జిల్లాను ముందు ఎంచుకున్నారని ఆరోపణ. ఆయన ప్రమాణపత్రం దాఖలు చేసి దాన్ని కాదనలేదు. కాదనలేదు గనుక ఆరోపణను నమ్మవలసి వస్తున్నదని కోర్టు అన్నది. దిగిపొమ్మని కోర్టు అనలేదు. అయినా సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ తర్వాతనే కాసు బ్రహ్మానందరెడ్డిగారు గద్దె ఎక్కారు. నీడపడితే దిగిపోవాలన్న ఆ మర్యాద నేటి రాజకీయాల్లో భూతద్దం పెట్టి వెదికినా దొరకదు. 1967లో స్పీకరు కాగానే పార్టీ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చిన మనిషి కూడా ఆయనే. వీటిని దుమ్మెత్తిపోసే పక్షం చెప్పదు. అదే మనిషి 1979లో రెండవ పక్షాన్ని సభ ముందుకు రానివ్వలేదన్న సంగతి దండ వేసే పక్షం చెప్పదు. చరిత్ర చదివేవాడు రెండూ చెప్పాలి.

ఇక కులం మాట. జగ్జీవన్‌రామ్ దళితుడు. ఆయనను పిలిచి ఉంటే, సభ ఒప్పుకుని ఉంటే, ఈ దేశానికి తొలి దళిత ప్రధాని అయ్యేవారు. మన రాష్ట్రంలో తొలి దళిత ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్యగారు 1960లో వచ్చి, 1962 ఎన్నికలు కాగానే సంజీవరెడ్డిగారికే స్థానం ఖాళీచేశారు. ఈ రెండు సంగతులను ఒకే తాడుతో కట్టి, ఇది ఒక మనిషి కులద్వేషం అని తేల్చేవారున్నారు. వారి ఆవేదన నాకు తెలుసు. కాని అలా తేల్చడానికి రుజువు చాలదు. 1962 నిర్ణయం కాంగ్రెసు పార్టీ అంతటిది. 1977లో జనతాపార్టీ గెలిచినప్పుడూ ప్రధాని పదవి జగ్జీవన్‌రామ్‌కు కాక మొరార్జీకి పోయింది. ఆ పనిలో జయప్రకాశ్, కృపలానీల వంటి మహనీయుల చేయి ఉంది. ఎమర్జెన్సీని ఆమోదించమన్న తీర్మానాన్ని 1975లో లోక్‌సభలో పెట్టింది జగ్జీవన్‌రామే కనుక ఆయన పట్ల కొందరికి ఉన్న వ్యతిరేకతకు వేరే కారణమూ ఉండవచ్చు.

అయితే రుజువు లేదంటే దోషం లేదని అర్థం కాదు. ఒక మనిషి గుండెలోని ద్వేషాన్ని రుజువు చేయనక్కరలేకుండానే చెప్పగల సంగతి ఒకటుంది. 1962లోనైనా, 1977లోనైనా, 1979లోనైనా, పార్టీలు మారినా, నాయకులు మారినా, "ఇంకొంచెం ఆగు" అన్న మాట వినవలసివచ్చినవాడు ఒక్కడే. వ్యక్తి ద్వేషం కంటే ఈ అలవాటు ప్రమాదకరం. ద్వేషించేవాడు పోతే ద్వేషం పోవచ్చు. అలవాటు గద్దె మీద ఎవరు కూర్చున్నా పని చేసుకుపోతుంది. చర్చావేదిక మీద ఎనిమిదిమంది పిల్లలు ఆ పేరు మరచిపోవడం ఆ అలవాటు తరగతి గదిదాకా వచ్చిందనడానికి నిదర్శనం. ఆ పిల్లలకు జగ్జీవన్‌రామ్ మీద ద్వేషమేమీ లేదు. వారికి ఇచ్చిన పుస్తకంలో ఆయన వాంగ్మూలం లేదు, అంతే.

తెలంగాణ మిత్రులు మరొక లెక్క తీస్తారు. 1956 ఫిబ్రవరి 20న జరిగిన పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకం చేసినవారిలో సంజీవరెడ్డిగారు ఒకరు. ముఖ్యమంత్రి ఆంధ్ర ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి తెలంగాణవాడు కావాలన్నది అందులోని షరతు. ఆయన మొదటి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి లేడు. ఆ పదవిని ఆయన ఆరోవేలితో పోల్చారని తెలంగాణలో నేటికీ చెప్పుకుంటారు. 2014లో రాష్ట్రం రెండు కావడానికి కారణాలు అనేకం. కాని మొదటి సంతకం తడి ఆరకముందే మాట తప్పడం వాటిలో ఒకటి కాదని ఎవరనగలరు? ఇక్కడా దోషం ఒకటే. ఎదుటిపక్షం తన మాట వినిపించుకోవడానికి ఏర్పరచుకున్న ఒకే ఒక్క కుర్చీని అనవసరమని తీసివేయడం.

చివరగా మన అభ్యుదయ శిబిరంతో ఒక మాట. 1969లో సంజీవరెడ్డిగారు సిండికేటు అభ్యర్థి అని, వి.వి.గిరి ప్రగతిశీల శక్తుల అభ్యర్థి అని మనవాళ్లు రెండుగా గీత గీశారు. బ్యాంకుల జాతీయీకరణ వేడిలో ఆ గీత న్యాయంగానే కనిపించింది. కమ్యూనిస్టు పార్టీలు రెండూ గిరిగారిని బలపరచాయి. గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 ఓట్ల విలువ వచ్చింది. ఎనిమిదేళ్లు తిరగకుండానే అదే సంజీవరెడ్డిగారు అన్ని పక్షాల సమ్మతితో రాష్ట్రపతి అయ్యారు. ఆయన వర్గస్వభావం ఆ ఎనిమిదేళ్లలో మారిందా? మారలేదు. మారింది పార్టీల అవసరం. మన అంచనాలు కూడా ఆ అవసరాల వెంట నడిచాయి.

పుట్టుకను బట్టి వర్గాన్ని, వర్గాన్ని బట్టి మనిషిని లెక్కగట్టేసే విమర్శకులకు అనంతపురంలోనే జవాబుంది. 1952 ఎన్నికల్లో సంజీవరెడ్డిగారిని ఓడించినవాడు ఆయన బావమరిది తరిమెల నాగిరెడ్డి. ఇద్దరివీ భూస్వామ్య కుటుంబాలే, ఒకే చుట్టరికం. ఒకరు రాష్ట్రపతి భవనానికి పోయారు. మరొకరు 1969లో శాసనసభ్యత్వాన్ని వదలిపెట్టి విప్లవోద్యమంలోకి పోయి, "తాకట్టులో భారతదేశం" రాశారు. పుట్టుక దారి చూపుతుంది గాని నడక చూపదు. నడకను లెక్కించాలంటే ఒక్కొక్క అడుగునూ చూడక తప్పదు.

ఈ లెక్క గతానికి సంబంధించింది మాత్రమే కాదు. మెజారిటీ ఎవరిదో తేలని ప్రతిచోటా, ఎవరిని ముందు పిలవాలన్న ప్రశ్న రాష్ట్రపతి ముందో, గవర్నరు ముందో వచ్చి నిలుస్తూనే ఉంటుంది. అప్పుడు మనం అడగవలసింది పిలిచినవాడు మనవాడా కాదా అని కాదు. పిలవమని అడిగినవారందరి మాటా విన్నారా, విన్నది ఎవరు, తీర్పు చెప్పింది ఎవరు, ఆ తీర్పు నాలుగు గోడల మధ్య జరిగిందా, ప్రజలెన్నుకున్న సభలో జరిగిందా అని. సంజీవరెడ్డిగారిని ఈ ప్రశ్నలతో కొలిస్తే 1964లో ఆయన పెద్దవాడుగా కనిపిస్తారు, 1956లోను, 1979లోను చిన్నబోతారు. ఈ రెండింటినీ కూడి సరాసరి తీయనక్కరలేదు. మా విద్యార్థులకు నేను చెబుతున్నది అదే. ఏ నిర్ణయానికి ఆ నిర్ణయాన్ని విడిగా రాసుకోండి. పక్కన, ఆ రోజున తలుపు బయట నిలబడి ఉన్నవారి పేరు కూడా రాయండి.